పీర్‌బాన్‌హెల్పర్ సమీక్ష: అప్‌లోడ్ మింగేసే దొంగ పీర్ల నుంచి తిరుపతి ఇంటి కనెక్షన్‌కు కాపలా

ఇంట్లో కంప్యూటర్‌ని రాత్రింబవళ్ళు సీడ్‌లో ఉంచేవాళ్ళ కోసం, అంటే బిట్‌టారెంట్‌లో దించుకున్న ఫైళ్ళను ఇతరులకు పంచుతూ ఉండేవాళ్ళ కోసం రాసిన సమీక్ష ఇది. అలా ఫైలు ఇచ్చిపుచ్చుకునే ప్రతి కంప్యూటరూ ఒక పీర్. మన అప్‌లోడ్‌ను అన్యాయంగా తోడేసే పీర్లను కనిపెట్టి నిషేధించే ప్రోగ్రామే పీర్‌బాన్‌హెల్పర్. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత తెలుగు పుస్తకాల స్కాన్లు, డెబియన్, ఉబుంటు ఐఎస్ఓలు (లినక్స్ ఇన్‌స్టాల్ చేసుకునే డిస్కు ఫైళ్ళు), లిబ్రెఆఫీస్ ఇన్‌స్టాలర్లు వంటివి, అంటే పంచుకోవడానికి పూర్తి అనుమతి ఉన్న ఫైళ్ళే ఇక్కడ లెక్క. ఒక ఫైలు దించుకుని గంటలో క్లయింట్ (టారెంట్లు దించి పంచే ప్రోగ్రామ్) మూసేసేవాళ్ళకు పీర్‌బాన్‌హెల్పర్ అక్కర్లేదు, క్యూబిట్‌టారెంట్ అనే క్లయింట్ ఒక్కటే చాలు. ఎప్పుడూ సీడ్‌లో ఉండేవాళ్ళకు మాత్రం ఇది తప్పకుండా పెట్టుకోదగ్గ పనిముట్టు. అయితే దాన్ని ఎలా వచ్చిందో అలాగే వదిలేస్తే మన పక్క హాస్టల్ పిల్లలనే దొంగలని ముద్ర వేస్తుంది. రెండు సెట్టింగులు మార్చుకున్నాకే వాడాలి.

ముందు నష్టం ఎంతో చూద్దాం. అన్‌లిమిటెడ్ అని అమ్మే ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి నెలకు 3300 జీబీ దగ్గర ఎఫ్‌యూపీ గీత ఉంటుంది. అందులో డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్ కూడా కలుస్తుంది. ఒక్క దొంగ పీర్ సెకనుకు 1 ఎంబీ చొప్పున రోజంతా లాగితే 86.4 జీబీ, 30 రోజులకు 2592 జీబీ. అంటే ఇంటిల్లిపాదీ నెలంతా వాడుకోవాల్సిన దాంట్లో మూడొంతులకు పైగా ఒక్కడే తోడేసినట్టు. గీత దాటాక వేగం పడిపోతుంది, పిల్లల ఆన్‌లైన్ క్లాసు తిరుగుతూనే ఉంటుంది, కారణం ఎవరికీ అర్థం కాదు. 40 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో అప్‌లోడ్‌కు దొరికేది మహా అయితే సెకనుకు 5 ఎంబీ. నిజంగా ఆ పుస్తకం కావలసిన మనిషికి అందులో చోటు మిగలాలి.

డౌన్‌లోడ్ చేస్తున్నంతసేపూ బిట్‌టారెంట్ తన కాపలా తానే కాసుకుంటుంది. బ్రామ్ కోహెన్ 2001లో దీన్ని రూపొందించినప్పుడే ఇచ్చిపుచ్చుకోవడం అందులో ఇమిడ్చాడు. మనకు బాగా పంపుతున్న కొద్దిమంది పీర్లకే మన క్లయింట్ తలుపు తెరుస్తుంది, మిగతావాళ్ళను చోక్ చేస్తుంది, అంటే పంపకుండా ఆపి ఉంచుతుంది. ఈ లెక్కను 10 సెకన్లకోసారి సరిచూసుకుంటుంది. కొత్తవాళ్ళకు కూడా అవకాశం రావాలి కాబట్టి 30 సెకన్లకోసారి ఒకరిని ఊరికే నమ్మి తెరుస్తుంది. ఆ ఊరికే తెరిచే తలుపునూ సీడర్ల ఉదారతనూ వాడుకుని, ఒక్క బైటు కూడా ఇవ్వకుండా ఫైలు మొత్తం దించుకోవచ్చని 2006లోనే జ్యూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు బిట్‌థీఫ్ అనే క్లయింట్ రాసి చూపించారు. అంటే కన్నం పాతదే.

చెత్త డేటా పంపే పీర్ల గురించి ఇక భయం అక్కర్లేదు. ఫైలును విడగొట్టిన ప్రతి పీస్‌కూ టారెంట్ ఫైల్లో హ్యాష్ (డేటా వేలిముద్ర లాంటి అంకె) ఉంటుంది, అది కలవకపోతే పీస్ పారేసి మళ్ళీ తెచ్చుకుంటుంది. పోయేది టైము, డేటా మాత్రమే. పాత వెర్షన్ 1 టారెంట్లలో పీస్ 4 ఎంబీ ఉంటే అందులో 16 కేబీ ముక్కలు 256. ఒక్క ముక్క చెడినా మొత్తం 4 ఎంబీ వృథా. పైగా ఆ 256 ముక్కలూ పది మంది దగ్గర్నుంచి వచ్చి ఉంటే చెడగొట్టింది ఎవరో వెంటనే తెలియదు. క్యూబిట్‌టారెంట్ లోపల పనిచేసే లిబ్‌టారెంట్ అప్పుడు అనుమానితులను పరీక్షలో పెడుతుంది: ఒక్కో పీస్ పూర్తిగా ఒక్కరి దగ్గరే తెచ్చుకుని, ఎవరి పీస్ మళ్ళీ తప్పుతుందో చూసి వాళ్ళను నిషేధిస్తుంది. వెర్షన్ 2 టారెంట్లలో 16 కేబీ ముక్కకే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ ఉంటుంది కాబట్టి దొంగ అక్కడికక్కడే దొరుకుతాడు. టారెంట్ జనరల్ ట్యాబ్‌లో వేస్టెడ్ అనే అంకె చూడండి. 6 జీబీ ఐఎస్ఓకు పది ఇరవై ఎంబీ వృథా మామూలే. అది వందల ఎంబీలకు చేరితే ముందు మన హార్డ్‌డిస్కునూ ర్యామ్‌నూ అనుమానించాలి, తర్వాతే పీర్లను.

అసలు గుడ్డిచోటు సీడింగ్‌లో ఉంది. మన దగ్గర ఫైలు పూర్తయ్యాక మనకు ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు, కాబట్టి ఇచ్చిపుచ్చుకునే లెక్క అక్కడితో ఆగిపోతుంది. మనం పంపిన ముక్కను ఆ పీర్ ఇంకొకరికి పంచిందో లేదో మనకు నేరుగా కనిపించదు. ఈ సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే "ఇవ్వని పీర్లను ఆపేస్తాం" అని చెప్పే ఏ పనిముట్టూ సీడర్ వైపు నుంచి దాన్ని నేరుగా కొలవలేదు. కొలవగలిగేది ఒక్కటే: మనం పంపింది ఎంత, తన దగ్గర ఉందని పీర్ చెబుతున్నది ఎంత. ఆ రెండింటి మధ్య అబద్ధం ఉంటే పట్టుకోవచ్చు. పీర్‌బాన్‌హెల్పర్ బలమంతా ఆ లెక్కలోనే ఉంది.

క్యూబిట్‌టారెంట్‌లోనే ఇది కంటితో కొంత చూడొచ్చు. పీర్స్ ట్యాబ్‌లో ప్రోగ్రెస్, అప్‌లోడెడ్, క్లయింట్, ఫ్లాగ్స్ కాలమ్‌లు ఉంచుకోండి. ఫ్లాగ్స్‌లో పెద్ద యూ ఉంటే మనం ఆ పీర్‌కు పంపుతున్నాం. చిన్న యూ అంటే అది అడుగుతోంది, మనం చోక్ చేసి ఉంచాం. డౌన్‌లోడ్‌లో ఉన్నప్పుడు పెద్ద డీ కనిపిస్తే మనకు వస్తోంది, చిన్న డీ అయితే అవతల మనల్ని ఆపి ఉంచారు. ఎస్ అంటే మనకు పంపుతానని చెప్పి చాలాసేపుగా ఏమీ పంపని పీర్. ఒక పీర్‌కు 800 ఎంబీ పంపాక కూడా ప్రోగ్రెస్ 0 శాతం దగ్గరే నిలిచి ఉంటే అది దొంగే. రైట్ క్లిక్ చేసి శాశ్వతంగా నిషేధించొచ్చు. చిక్కేమిటంటే అప్‌లోడెడ్ అంకె ఆ కనెక్షన్ వరకే. పీర్ తెంచుకుని మళ్ళీ వస్తే సున్నా నుంచి మొదలవుతుంది. ఒక బంతిలో తిని లేచి, చెయ్యి కడుక్కుని, రెండో బంతిలో మళ్ళీ ఆకు వేయించుకున్నట్టు. వడ్డించేవాడికి గుర్తుంటే తప్ప పట్టుబడదు. క్యూబిట్‌టారెంట్‌కు ఆ గుర్తు లేదు. పీర్‌బాన్‌హెల్పర్ తన డేటాబేస్‌లో దాన్ని రాసుకుంటుంది.

ఇలాంటి వడ్డన దొంగలు 2024లో బాగా బయటపడ్డారు. చైనాలో ఇళ్ళ కనెక్షన్ల మీద కంటెంట్ పంపిణీ వ్యాపారం చేసేవాళ్ళకు అప్‌లోడ్ విపరీతంగా ఉంటుంది. డౌన్‌లోడ్‌తో పోల్చి అప్‌లోడ్ మరీ ఎక్కువైతే అక్కడి టెలికాం కంపెనీలు లైను మీద చర్య తీసుకుంటాయి. అందుకని డౌన్‌లోడ్ అంకె పెంచుకోవడానికి టారెంట్ సీడర్ల దగ్గర అదే ఫైలును పదే పదే లాగి పారేస్తారు. వాళ్ళకు ఫైలుతో పనే లేదు. బాగా సీడ్ అయ్యే లినక్స్ ఐఎస్ఓలే వాళ్ళకు తేలికగా దొరికే సరుకు కాబట్టి, మంచి ఉద్దేశంతో సీడ్ చేసేవాళ్ళే ఎక్కువ దెబ్బ తింటారు.

పీర్‌బాన్‌హెల్పర్ పెట్టే ముందు క్యూబిట్‌టారెంట్‌లో ఒక మార్పు చేయాలి. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ పేజీకి వెళ్తే అప్‌లోడ్ చోకింగ్ ఆల్గరిదమ్ అని ఉంటుంది. డిఫాల్ట్ ఫాస్టెస్ట్ అప్‌లోడ్: ఎవరు వేగంగా లాగగలిగితే వాళ్ళకే ఎక్కువ. పెద్ద పైపున్న దొంగకు ఇదే కావాలి. దాన్ని రౌండ్ రాబిన్‌కు మార్చితే అందరికీ వంతులవారీగా అందుతుంది, ఒక్కడే మొత్తం లాక్కుపోయే వీలు తగ్గుతుంది. మూడోది యాంటీ లీచ్: ఇప్పుడే మొదలుపెట్టినవాళ్ళకూ, పూర్తి కావస్తున్నవాళ్ళకూ ముందు ఇస్తుంది, మధ్యలో ఉన్నవాళ్ళు తమలో తాము పంచుకోవాల్సి వస్తుంది. యాభై మంది పైగా ఉన్న స్వార్మ్‌లో (ఒకే టారెంట్ పంచుకునే పీర్ల గుంపులో) ఇది బాగుంటుంది. తెలుగు పుస్తకాల టారెంట్లలో సాధారణంగా ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళలో మధ్యలో ఉన్న మనిషికి మనం తప్ప వేరే దిక్కు ఉండదు. అక్కడ రౌండ్ రాబినే సరైనది. ఒకే ఐపీ నుంచి ఎక్కువ కనెక్షన్లకు అనుమతి అనే ఆప్షన్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, అలాగే ఉంచండి. స్పీడ్ పేజీలో అప్‌లోడ్‌ను మన లైను సామర్థ్యంలో 70, 80 శాతం దగ్గర కట్టేయండి.

ఇక ఇన్‌స్టాలేషన్. పీర్‌బాన్‌హెల్పర్ ఉచితం, ఓపెన్ సోర్స్, జావాలో రాసింది. అది క్యూబిట్‌టారెంట్ పక్కన వేరే ప్రోగ్రామ్‌గా నడుస్తూ, వెబ్ ఇంటర్‌ఫేస్ ద్వారా పీర్ల జాబితా తెచ్చుకుని, తప్పు చేసినవాళ్ళను నిషేధించమని క్యూబిట్‌టారెంట్‌కు చెబుతుంది. కాబట్టి ముందు క్యూబిట్‌టారెంట్ ఆప్షన్స్‌లో వెబ్ యూఐ ఆన్ చేయాలి. పోర్టు 8080. పాత ట్యుటోరియళ్ళలో చెప్పే అడ్మిన్‌అడ్మిన్ పాస్‌వర్డ్ 4.6.1 వెర్షన్ నుంచి తీసేశారు. మనం సొంత పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే ప్రతిసారీ స్టార్ట్ అయినప్పుడు తాత్కాలిక పాస్‌వర్డ్ ఒకటి పుట్టిస్తుంది. సొంతది పెట్టకుండా కలిపితే మర్నాడు కరెంటు పోయి వచ్చాక పీర్‌బాన్‌హెల్పర్ లాగిన్ కాలేక ఊరుకుంటుంది, మనం కాపలా ఉందనుకుంటూ ఉంటాం. తర్వాత పీర్‌బాన్‌హెల్పర్ నడిపి బ్రౌజర్‌లో 9898 పోర్టు తెరిస్తే సెటప్ మొదలవుతుంది. అది ఇచ్చే టోకెన్ రాసి పెట్టుకోండి. డౌన్‌లోడర్ రకం క్యూబిట్‌టారెంట్ అని ఎంచుకుని, అడ్రస్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వాలి. అంతకన్నా ముందు క్యూబిట్‌టారెంట్‌లో చేత్తో నిషేధించిన ఐపీల జాబితా ఏదైనా ఉంటే కాపీ తీసి దాచుకోండి. ఆ జాబితా ఇకమీదట పీర్‌బాన్‌హెల్పర్ చేతిలోకి వెళ్తుంది.

డాకర్‌లో (ప్రోగ్రామ్‌లను విడివిడి కంటైనర్లలో నడిపే సాధనంలో) పెట్టేవాళ్ళు ఎక్కువగా రెండుచోట్ల పడతారు. ఒకటి, కంటైనర్ లోపల 127.0.0.1 అంటే ఆ కంటైనరే, కంప్యూటర్ కాదు. క్యూబిట్‌టారెంట్ దొరకదని ఎర్రర్ వస్తే ఇదే కారణం. రెండోది ప్రమాదకరం. క్యూబిట్‌టారెంట్‌ను డాకర్ బ్రిడ్జ్ నెట్‌వర్క్‌లో పెట్టి, డాకర్‌లో ఐపీవీ6 (కొత్త తరహా పొడవాటి ఐపీ అడ్రస్‌లు) ఆన్ చేయకపోతే, బయటి నుంచి ఐపీవీ6 మీద వచ్చే పీర్లన్నీ 172తో మొదలయ్యే గేట్‌వే అడ్రస్‌తోనే కనిపిస్తాయి. అందరూ ఒకే ముఖం వేసుకుని వచ్చినట్టు. ఒకడు తప్పు చేస్తే అందరికీ తలుపు మూతపడుతుంది. ఇక్కడి కొత్త కనెక్షన్లలో ఐపీవీ6 ఎక్కువ కాబట్టి ఇది తరచు ఎదురయ్యే సమస్యే. క్యూబిట్‌టారెంట్‌ను హోస్ట్ నెట్‌వర్క్‌లో నడిపితే పోతుంది.

ఇప్పుడు అసలు మాడ్యూలు, ప్రోగ్రెస్ చీట్ బ్లాకర్. మనం పంపిన బైట్లను బట్టి పీర్ దగ్గర కనీసం ఎంత ఉండాలో లెక్కకట్టి, అది చెబుతున్న ప్రోగ్రెస్‌తో పోలుస్తుంది. ఉదాహరణకు 6 జీబీ ఐఎస్ఓలో ఒక పీర్‌కు 3 జీబీ పంపాం. అది కనీసం 50 శాతం చూపాలి. 12 శాతం చూపుతోందంటే అబద్ధం. తేడాకు 10 శాతం వరకు సడలింపు ఇస్తే చాలు, ప్రోగ్రెస్ కబురు చేరడంలో జరిగే ఆలస్యాలు అందులో సర్దుకుంటాయి. మొత్తం ఫైలు సైజుకు ఒకటిన్నర రెట్లు, అంటే 9 జీబీ పంపేసినా ఇంకా అడుగుతుంటే అది మరో రకం పట్టివేత. నిన్న 60 శాతం చూపి ఇవాళ 20 శాతమని చెబితే అది మూడో రకం, వెనక్కి నడిచిన ప్రోగ్రెస్. 50 ఎంబీ కన్నా చిన్న టారెంట్లను ఈ లెక్కల్లోంచి మినహాయించాలి, అక్కడ ఒకటి రెండు పీసులకే శాతాలు ఎగిరిపడతాయి. పంపింది ఎంత, చెప్పింది ఎంత అన్న మొదటి రెండు పరీక్షలు చాలా నిక్కచ్చిగా పనిచేస్తాయి. పీర్ తన క్లయింట్ పేరు ఏమని చెప్పుకున్నా ఈ లెక్క నుంచి తప్పించుకోవడం కష్టం.

మూడోదానితోనే మన జిల్లాల్లో జాగ్రత్త అవసరం. వేసవిలో పలమనేరు, పుంగనూరు వైపు పల్లెల్లో కరెంటు పోతే యూపీఎస్ లేని కంప్యూటర్ ఠక్కున ఆగుతుంది. క్లయింట్ తన పురోగతిని డిస్కులో రాసుకోకముందే ఆగితే, తిరిగి లేచాక రీచెక్‌లో ప్రోగ్రెస్ నిజంగానే తగ్గుతుంది. ఆ మనిషి నిజాయితీగా చెబుతున్న అంకె దొంగ అంకెలా కనిపిస్తుంది. వెనక్కి నడిచే ప్రోగ్రెస్‌కు 7 శాతం లాంటి బిగువైన హద్దు బదులు 25, 30 శాతం పెట్టుకోవడం మేలు. ఫైలును పదే పదే మొదటి నుంచి లాగేవాడు ఎలాగూ సున్నాకే వెళ్తాడు, ఆ హద్దులోనూ దొరికిపోతాడు.

ఇంతకన్నా పెద్ద చిక్కు సీజీనాట్, అంటే ఇంటర్నెట్ కంపెనీ చాలా ఇళ్ళను ఒకే ఐపీవీ4 అడ్రస్ వెనక పెట్టే పద్ధతి. ఇక్కడి చాలా ఇంటి కనెక్షన్లకు సొంత ఐపీవీ4 అడ్రస్ ఉండదు. రూటర్ వ్యాన్ (బయటి లైను) పేజీలో 100.64 నుంచి 100.127 మధ్య అడ్రస్ కనిపిస్తే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల హాస్టల్ ఒకదానిలో ముగ్గురు విద్యార్థులు అదే ఉబుంటు ఐఎస్ఓ దించుకుంటుంటే బయటికి ముగ్గురిదీ ఒకే ఐపీ. ముగ్గురికి పంపినది ఒకే ఖాతాలో కూడితే 18 జీబీ అవుతుంది, పరిమితి 9. నిషేధం పడేది ముగ్గురి మీదా. మల్టీ డయల్ బ్లాకర్ అనే మాడ్యూలు ఇంకా కఠినం: ఒకే సబ్‌నెట్ (పక్కపక్క ఐపీల వరస) నుంచి ఒకే టారెంట్‌కు ఎక్కువ ఐపీలు వస్తే దొంగల గుంపని తీర్మానిస్తుంది. చైనా దొంగల విషయంలో ఆ అనుమానం సరైనదే. ఒక తెలుగు పుస్తకాల టారెంట్‌కు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తిలో ఒకే కంపెనీ లైను వాడేవాళ్ళే అయినప్పుడు మాత్రం అది నిజమైన పాఠకుల గుంపు. అందుకే మల్టీ డయల్ బ్లాకర్‌ను ఇక్కడ పూర్తిగా ఆపేయమని మా సలహా. మించిన డౌన్‌లోడ్ పరిమితిని 1.5 నుంచి 4 రెట్లకు పెంచుకోవాలి. మొదట్లో చెప్పిన రెండు సెట్టింగులు ఇవే.

హాస్టల్ లోపలే, కాలేజీ ల్యాబులోనే ఒకరికొకరు పంచుకునేవాళ్ళు 10, 172.16 నుంచి 172.31, 192.168తో మొదలయ్యే లోకల్ అడ్రస్‌లు మినహాయింపు జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. ల్యాబులో 60 మెషీన్లకు ఐఎస్ఓ చేరవేయడానికి క్యూబిట్‌టారెంట్‌లోని లోకల్ పీర్ డిస్కవరీ చక్కటి సాధనం, బయటి లైను మీద భారం పడదు. వైఫైలో క్లయింట్ ఐసొలేషన్ ఆన్ చేసి ఉంటే మాత్రం మెషీన్లు ఒకదానికొకటి కనపడవు.

తక్కువ అప్‌లోడ్ చేసేవాళ్ళంతా దొంగలు కారన్నది కూడా సీజీనాట్ వల్లే చెప్పాల్సి వస్తోంది. బయటి నుంచి కనెక్షన్ తీసుకోలేని పీర్, తానుగా వెళ్ళి కలిసినవాళ్ళతో మాత్రమే పంచుకోగలదు. ఇద్దరూ సీజీనాట్ వెనక ఉంటే హోల్ పంచింగ్ (మరో పీర్ సాయంతో ఇద్దరూ ఒకరికొకరు దారి తెరుచుకోవడం) కుదిరితే తప్ప కలవలేరు. వాళ్ళ రేషియో (దించుకున్నదాంట్లో తిరిగి పంచిన వంతు) 0.2 దగ్గర ఆగితే అది స్వార్థం కాదు, లైను స్వభావం. పీర్‌బాన్‌హెల్పర్ రేషియో చూసి నిషేధించదు. మాకు అందులో నచ్చిన పెద్ద గుణం అదే. మీరే సీజీనాట్‌లో ఉంటే రూటర్‌లో ఐపీవీ6 ఆన్ చేసి, ఫైర్‌వాల్‌లో క్యూబిట్‌టారెంట్ పోర్టు ఒక్కటి తెరవండి. ఐపీవీ4 పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా ఫలితం ఉండదు.

ఐపీవీ6లో నిషేధం ఎలా పడుతుందో కూడా చూసుకోవాలి. ఒక ఇంటికి కనీసం ఒక /64 బ్లాకు (మొదటి సగం ఒకటే ఉన్న అడ్రస్‌లన్నీ) మొత్తం దక్కుతుంది, అడ్రస్ చివరి సగం రోజూ మారుతూ ఉంటుంది. క్యూబిట్‌టారెంట్‌లో చేత్తో చేసే నిషేధం ఒక్క అడ్రస్‌కే, రేపటికి అది చెల్లదు. పీర్‌బాన్‌హెల్పర్‌లో ఐపీవీ6 ప్రిఫిక్స్ పొడవు 64 ఉంచితే ఆ ఇల్లంతా ఒకే పీర్‌గా లెక్కకొస్తుంది. ఐపీవీ4కు 32, అంటే ఒక్క అడ్రస్, దాటి వెడల్పు చేయొద్దు.

క్లయింట్ పేరును బట్టి, పీర్ ఐడీని (క్లయింట్ తనను పరిచయం చేసుకునే కోడును) బట్టి నిషేధించే మాడ్యూళ్ళు కూడా ఉన్నాయి. సీడర్ల దగ్గర తోడుకోవడమే తప్ప తిరిగి ఇవ్వదని పేరుపడ్డ చైనా క్లయింట్ షున్‌లే పీర్ ఐడీ ఎక్స్‌ఎల్ అక్షరాలతో మొదలవుతుంది. ఇది తలుపు దగ్గర పేరు అడగడం లాంటిది: పేరు మార్చుకుని వచ్చేవాణ్ని ఆపదు, కానీ ఖర్చు లేని వడపోత కాబట్టి ఆన్‌లో ఉండనివ్వండి. ఈ ఒక్క పనే కావాలనుకుంటే క్యూబిట్‌టారెంట్ ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో అది లోపలే ఉంది, జావా అక్కర్లేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్లలో పీర్‌బాన్‌హెల్పర్ తినే కొన్ని వందల ఎంబీ బరువనిపిస్తే అదే సరైన ఎంపిక.

లక్షల ఐపీలతో తయారుగా దొరికే బ్లాక్‌లిస్ట్ ఫైళ్ళను మాత్రం వద్దంటాం. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఎందుకు చేర్చారో తెలియని పాత రేంజులవి. ఐపీ ఈమధ్యలో చేతులు మారి ఉంటుంది, ఒక్కో వరసలో యూనివర్సిటీలే కొట్టుకుపోతాయి. సొంతంగా ఒక రేంజును ఆపాలంటే క్యూబిట్‌టారెంట్ ఐపీ ఫిల్టర్‌కు ఇచ్చే డ్యాట్ ఫైల్లో మొదటి ఐపీ, గీత, చివరి ఐపీ, కామా, అంకె, కామా, పేరు అనే వరసలో ఒక లైను రాస్తే చాలు. ఆ మధ్య అంకె 127 దాటితే ఆ రేంజును ఆపకుండా వదిలేస్తుంది, 0 రాయండి.

ట్రాకర్ (ఏ టారెంట్ ఎవరి దగ్గర ఉందో చెప్పే సర్వర్) చూపించే సీడర్ల సంఖ్యను ఏ పనిముట్టూ శుభ్రం చేయలేదు. 400 మంది సీడర్లని రాసి ఉన్నా పీర్స్ ట్యాబ్‌లో ఒక్కరికీ 100 శాతం కనిపించకపోతే, అవైలబిలిటీ అంకె (కనిపిస్తున్న పీర్లందరి దగ్గరా కలిపి ఎన్ని పూర్తి కాపీలున్నాయో చెప్పేది) 1 కన్నా తక్కువ ఉంటే, ఆ సీడర్లు కాగితం మీదివాళ్ళే. ఇంటర్నెట్ ఆర్కైవ్ టారెంట్లకు ఈ బాధ లేదు, పీర్లు ఎవరూ లేకపోయినా వెబ్ సీడ్ ద్వారా వాళ్ళ సర్వర్ నుంచే ఫైలు వస్తుంది.

మా తీర్పు: నిత్యం సీడ్ చేసేవాళ్ళకు 5కి 4. లెక్క నిక్కచ్చి, ప్రతి నిషేధానికీ కారణం వెబ్ పేజీలో రాసి చూపిస్తుంది, నిషేధాలకు గడువు ఉంటుంది. ఒక మార్కు తగ్గించింది మన తరహా సీజీనాట్ నెట్‌వర్కులను దృష్టిలో పెట్టుకోని డిఫాల్ట్‌లకు. పెట్టిన మొదటి వారం రోజూ ఒకసారి బ్యాన్ జాబితా తెరిచి కారణాల కాలమ్ చదవండి. పంపింది ఎక్కువ, చెప్పింది తక్కువ అన్న కారణంతో ఉన్నవాటిని అలాగే ఉండనివ్వండి. జాబితాలో మన దేశపు ఐపీలు, అందులోనూ మీ సొంత ఐఎస్‌పీవి వరసగా కనిపిస్తే వాటిని అన్‌బ్యాన్ చేసి, మించిన డౌన్‌లోడ్ పరిమితిని ఇంకాస్త పెంచి, మరో వారం చూడండి.